ఖాయిలా పడటం

బాలానగర్ దాటాక సిటీ బస్సులో ఇప్పటికీ "ఐడీపీఎల్, ఐడీపీఎల్" అన్న కేక వినిపిస్తుంది. దిగేవాళ్లు దిగుతారు. ఫ్యాక్టరీలో మందుల తయారీ మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

ఆ కేక విన్నప్పుడల్లా నాకు ఖాయిలా అనే మాట గుర్తొస్తుంది. మా ఇంట్లో పెద్దవాళ్లు "ఆయన ఖాయిలా పడ్డాడయ్యా" అనేవాళ్లు. మూడ్రోజుల జ్వరానికి ఆ మాట వాడగా నేను వినలేదు. తిండి తగ్గి, నడక తగ్గి, మెల్లగా మంచం పట్టిన మనిషికే వాడేవాళ్లు.

ఇంట్లోని ఈ మాటని తెలుగు పేపర్లు ఫ్యాక్టరీలకి తగిలించాయి. 1985లో పార్లమెంటు చేసిన చట్టం పేరులోనే 'సిక్' అని ఉంది. పేరుకుపోయిన నష్టాలు కంపెనీ నికర విలువని మింగేస్తే అది రోగి కింద లెక్క. వైద్యం చూడటానికి బీఐఎఫ్ఆర్ అనే బోర్డు పెట్టారు. పేపర్లలో అవి 'ఖాయిలా పరిశ్రమలు' అయ్యాయి. 1961లో పుట్టిన ఐడీపీఎల్‌ని ఆ బోర్డు 1992లో ఖాయిలా పడిందని తేల్చింది. దేశానికి చవగ్గా మందులు చేసిపెట్టడానికి పుట్టిన కంపెనీ అది!

ఈ మాటలో జాలి ఉంది. రోగి అన్నాక కోలుకోవచ్చు, ఎవరో ఒకరు చూసుకోవాలి. కానీ ఒక మోసమూ ఉంది. జబ్బు దానంతటదే వస్తుంది కదా! 'ఖాయిలా పడింది' అంటే కర్త ఫ్యాక్టరీయే. పడేసిందెవరో ఆ వాక్యం అడగదు. అప్పులవాళ్లు కోర్టుకెళ్లకుండా ఆ చట్టం అడ్డుపడేది కాబట్టి, రోగిగా ఉండిపోవడమే లాభమైన యజమానులూ ఉన్నారు. కేసులు ఏళ్లకేళ్లు నడిచాయి.

2016 డిసెంబర్ 1న ఆ చట్టం రద్దయింది. అదే నెలలో ఐడీపీఎల్‌ని మూసేయాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. ఇప్పుడున్నది 2016 నాటి 'దివాలా' చట్టం. అదీ కంపెనీని నిలబెట్టాలనే చూస్తుంది. కాకపోతే మొదట్లో పెట్టిన గడువు 180 రోజులు. కుదరకపోతే ఆస్తులు అమ్మకానికే.

ఖాయిలా నుంచి దివాలాకి వచ్చాం. మొదటి మాట రోగి మంచం పక్కన కూర్చుని అనేది, రెండోది లెక్కల పుస్తకం ముందు కూర్చుని అనేది. జీతం ఆగిన కార్మికుడి పరిస్థితికి మాత్రం ఈ రెండింట్లో ఏదీ పేరు కాలేదు.