విద్యార్థి పరిశోధనలో నిపుణుల ఇంటర్వ్యూ, పౌర భాగస్వామ్యం

నిపుణుల ఇంటర్వ్యూ అంటే, అధ్యయనానికి ఎంచుకున్న సమస్యపై చదువు వల్ల గానీ, వృత్తి వల్ల గానీ, దీర్ఘానుభవం వల్ల గానీ ప్రత్యేక పరిజ్ఞానం సంపాదించినవారిని ముందుగా సిద్ధం చేసుకున్న ప్రశ్నలతో కలిసి, వారు చెప్పిన సంగతులను పరిశోధన సామగ్రిగా నమోదు చేసే పద్ధతి. పౌర భాగస్వామ్యం అంటే, పరిశోధన ఏ ఊరికి లేదా ఏ వాడకు సంబంధించినదో అక్కడి ప్రజలనూ స్థానిక సంస్థలనూ సమాచార సేకరణలోనూ ఫలితాల చర్చలోనూ కలుపుకోవడం. ఇవి రెండు వేర్వేరు పనులుగా కనిపించినా ఒకదానిని మరొకటి సరిచూస్తాయి: నిపుణుల మాటను ఊరి అనుభవంతోనూ, ఊరివారి మాటను కొలతలతో, రికార్డులతోనూ పోల్చినప్పుడే విద్యార్థి నివేదికకు ప్రామాణికత ఏర్పడుతుంది.

నేపథ్యం

తెలిసినవారిని అడిగి స్థానిక విషయాలు రాసుకునే పద్ధతి తెలుగునాట పాతదే. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం తొలినాళ్లలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వారి సహాయకులూ సమకూర్చిన కైఫీయతులు, అంటే గ్రామ వృత్తాంతాలు, స్థానికులు చెప్పిన సంగతులనూ గ్రామ లెక్కలు చూసే కరణాల వద్ద ఉన్న కవిలెలనూ, అంటే దస్త్రాలనూ, ఆధారం చేసుకున్నవి. పాశ్చాత్య దేశాల్లో షికాగోలోని హల్ హౌస్ సేవాకేంద్రం వారు తమ పరిసరాల వలస కార్మిక కుటుంబాల జీవన పరిస్థితులను సర్వే చేసి, 1895లో పటాలతో సహా ప్రచురించారు. నిపుణుల ఇంటర్వ్యూను ప్రత్యేక పద్ధతిగా వివరించిన రచనల్లో జర్మన్ సామాజిక శాస్త్రవేత్తలు మైకేల్ మోయిజర్, ఉల్రిక నాగెల్ 1991లో వెలువరించిన వ్యాసం ముఖ్యమైనది.

భారతదేశంలో 1993 నుంచి జరుగుతున్న జాతీయ బాలల సైన్స్ కాంగ్రెస్ 10 నుంచి 17 ఏళ్ల పిల్లలను స్థానిక సమస్యలపై ప్రాజెక్టులు చేయడానికి ప్రోత్సహిస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ పాఠ్యప్రణాళికలో 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టును చేర్చింది. తెలంగాణ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో ‘జిజ్ఞాస’ పేరుతో విద్యార్థులు అధ్యాపకుల మార్గదర్శకత్వంలో అధ్యయన ప్రాజెక్టులు చేస్తున్నారు.

నిపుణుల ఎంపిక

ఎంపికకు ముందు సమస్యను భాగాలుగా విడదీసి, ఒక్కో భాగం ఎవరికి తెలుసో గుర్తించాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ సమస్య ఇందుకు తగిన ఉదాహరణ. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని, అంటే ఫ్లోరైడ్ అధికమై పళ్లకూ ఎముకలకూ కలిగే హానిని, 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తరువాత నల్లగొండ జిల్లా ఈ వ్యాధి తీవ్రతకు పేరుపడింది. భారతీయ ప్రమాణాల సంస్థ లీటరు తాగునీటికి 1.0 మిల్లీగ్రాము ఫ్లోరైడును ఆమోదయోగ్య పరిమితిగా, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములను గరిష్ఠ పరిమితిగా నిర్ణయించింది.

ఈ అంశంపై ప్రాజెక్టు చేసే విద్యార్థికి కనీసం మూడు రకాల నిపుణులు అవసరమవుతారు. గ్రానైట్ వంటి రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి ఎలా చేరుతుందో భూగర్భ జల శాఖ అధికారి లేదా భూగర్భ శాస్త్ర అధ్యాపకులు చెప్పగలరు. ఏ బోరు నీటిని ఎప్పుడు పరీక్షించారో, ప్రత్యామ్నాయంగా ఏ నీరు సరఫరా అవుతోందో గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీరుకు తెలుస్తుంది. వ్యాధి లక్షణాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులు వివరిస్తారు. వీరితోపాటు ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తనూ, ఊళ్లో ఏ బావి నీరు ఎందుకు మానేశారో గుర్తున్న వృద్ధులనూ అనుభవ నిపుణులుగా పరిగణించాలి. కుళాయి నీరు వచ్చాక కూడా కొందరు బోరు నీటినే ఎందుకు వాడుతున్నారన్న విషయం కార్యాలయ దస్త్రాల్లో దొరకదు.

ప్రశ్నలు, సంభాషణ

విద్యార్థి పరిశోధనకు ఎక్కువగా అనువైనది పాక్షిక నిర్మిత ఇంటర్వ్యూ. అంటే ముఖ్య ప్రశ్నలు ముందే రాసుకుని, జవాబును బట్టి అనుబంధ ప్రశ్నలు అడిగే పద్ధతి. పుస్తకాల్లో, ప్రభుత్వ నివేదికల్లో దొరికే సమాచారాన్ని ముందే చదువుకుని వెళ్తే నిపుణుల సమయం ప్రాథమిక వివరాలకు ఖర్చు కాదు. సమయం కోరుతూ పంపే లేఖలో విద్యాసంస్థ, మార్గదర్శక అధ్యాపకుల పేర్లు, ప్రాజెక్టు ఉద్దేశం, కావలసిన సమయం, సమాచారాన్ని వినియోగించే తీరు ఉండాలి.

‘ఫ్లోరైడ్ వల్ల జనం బాధపడుతున్నారు కదా?’ అన్న ప్రశ్న జవాబును ముందే సూచిస్తుంది కనుక పనికిరాదు. ‘ఈ ఊరి బోర్లలో పరీక్షలు ఎప్పుడు జరిగాయి, వేసవికీ వానకాలం తరువాతికీ ఫలితాల్లో తేడా కనిపించిందా?’ అన్నది నిర్దిష్టమైన సమాచారాన్ని రాబడుతుంది. సంభాషణను రికార్డు చేయడానికి ముందే అనుమతి తీసుకోవాలి. అనుమతి లేకపోతే ముఖ్యాంశాలు రాసుకుని, అదే రోజు పూర్తి పాఠం సిద్ధం చేసి, సాంకేతిక విషయాలను ఆ నిపుణులకే చూపి సరిచూసుకోవాలి.

సమ్మతి, గోప్యత

పాల్గొనేవారికి అధ్యయన స్వరూపం వివరించి, ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పకుండా ఉండే స్వేచ్ఛ, మధ్యలో విరమించుకునే స్వేచ్ఛ వారికి ఉన్నాయని తెలియజేశాక తీసుకునే అంగీకారాన్ని అవగాహనపూర్వక సమ్మతి అంటారు. చదవడం రానివారికి పత్రాన్ని చదివి వినిపించాలి. 18 ఏళ్లలోపు వారి నుంచి వివరాలు సేకరించేటప్పుడు తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అనుమతి అవసరం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా పిల్లల డేటా విషయంలో ఈ నియమాన్నే విధిస్తుంది. వ్యాధిగ్రస్తుల పేర్లూ ఫొటోలూ నివేదికలో చేర్చకపోవడమే మేలు. చిన్న ఊళ్లో వయసు, వృత్తి, వీధి కలిపి రాసినా మనిషి ఎవరో తెలిసిపోతుంది.

పౌర భాగస్వామ్య మార్గాలు

రాజ్యాంగంలోని 243ఎ అధికరణం గుర్తించిన గ్రామసభ, అంటే గ్రామ ఓటర్లందరి సభ, స్థానిక సమస్యలు బహిరంగంగా చర్చకు వచ్చే వేదిక. విద్యార్థులు సర్పంచి, పంచాయతీ కార్యదర్శి అనుమతితో అక్కడి చర్చను గమనించవచ్చు, తమ ఫలితాలను వివరించవచ్చు. రికార్డుల కోసం 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉపకరిస్తుంది. దరఖాస్తు అందుకున్న పౌర సమాచార అధికారి సాధారణంగా 30 రోజుల్లోగా జవాబివ్వాలి. ఉపాధి హామీ పథకంలో అమలవుతున్న సామాజిక తనిఖీ, అంటే ఖర్చుల రికార్డులను ఊరివారి వాంగ్మూలాలతో పోల్చి బహిరంగ సభలో చదివి వినిపించడం, విద్యార్థులు పరిశీలించదగిన నమూనా.

విశ్లేషణ, పరిమితులు

ఇంటర్వ్యూ పాఠాలను అంశాలవారీగా విభజించి, ఒకే విషయంపై వేర్వేరు వ్యక్తులు చెప్పినవాటిని రికార్డులతో, నీటి పరీక్షల ఫలితాలతో పోల్చడాన్ని త్రికోణ పరిశీలన అంటారు. అధికారులు తమ శాఖ పనిని సమర్థించుకునే అవకాశం ఉంది. గ్రామస్థులు వచ్చిన విద్యార్థుల వల్ల సాయం అందుతుందన్న ఆశతో సమస్యను పెంచి చెప్పే అవకాశమూ ఉంది. అందువల్ల నెరవేర్చలేని హామీలు ఇవ్వకూడదు. భిన్నాభిప్రాయాలను దాచకుండా, ఎవరు ఏ హోదాలో, ఏ ఆధారంతో చెప్పారో రాయాలి. కొద్దిమందితో జరిపిన ఇంటర్వ్యూలు కారణాలనూ అనుభవాలనూ వివరించగలవు గానీ, జిల్లాలో ఎంతమందికి వ్యాధి ఉందో చెప్పలేవు. అందుకు తగిన నమూనాతో కూడిన సర్వే కావాలి. నివేదిక పూర్తయ్యాక దాని సారాంశాన్ని తేలిక తెలుగులో పంచాయతీకీ, సమాచారం ఇచ్చినవారికీ అందజేయడం ఈ పద్ధతిలో చివరి అంకం; నివేదికలో దొర్లిన పొరపాట్లను విషయం తెలిసినవారే పట్టి చూపే వీలు దానివల్ల కలుగుతుంది.