వార్తల కూడలికి కావలి

మన కృష్ణగిరి దారుల కూడలి. చెన్నపట్టణము నుండి వచ్చు బాట ఇచ్చట చీలి, ఒకటి హోసూరు మీదుగా బెంగుళూరునకును, వేరొకటి ధర్మపురి మీదుగా సేలమునకును పోవుచున్నది. కుప్పమునకు పోవువారును ఇచ్చటనే మలుపు తిరుగుదురు. కూడలి ఎవరి చేతనున్నదో బాటలన్నియు వారి చేతనున్నట్లే. బండ్లకు చెల్లిన ఈ న్యాయమే వార్తలకును చెల్లును.

ఈ సంగతి మన సీమకు క్రొత్త గాదు. 1790 మొదలు 1792 వరకు టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధమున కుంఫిణీవారి వేగుశాఖను నడపినవాడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్. తరువాతి కాలమున చెన్నపట్టణపు గవర్నరైన థామస్ మన్రో ఆ శాఖలో ఆయనకు సహాయకుడు. 1792లో శ్రీరంగపట్టణపు సంధివలన కృష్ణగిరితో కూడిన బారామహలు కుంఫిణీ వశమైనది. హోసూరు 1799లో గాని వారి చేత జిక్కలేదు. బారామహలున శిస్తు నిర్ణయింప వచ్చిన తొలి అధికారులు ఆ రీడు, ఆ మన్రోయే. అనగా, మన పెద్దల భూములను కొలిపించిన చేతులే అంతకు పూర్వము వేగులను నడపినవి.

తంతి వచ్చిన పిదప దారిలో హర్కారాను పట్టుకొనవలసిన శ్రమ తప్పినది. తంతి ఆఫీసు సర్కారుదే గదా! 1885వ సంవత్సరపు తంతి చట్టము 5వ సెక్షను, ప్రజాక్షేమము పేరిట వార్తలను అడ్డగించి చూచు అధికారమును సర్కారున కిచ్చెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను ఆ సెక్షను నిలిచియుండెను. 1988లో, హోసూరు గడపకు ఆవలనున్న కర్ణాటకమున, టెలిఫోను సంభాషణలను చాటుగా వినిరను వివాదమువలన ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే పదవిని విడిచెను. 1996లో సుప్రీంకోర్టు, టెలిఫోను సంభాషణ వ్యక్తియొక్క ఏకాంతమున జేరినదనియు, ఉన్నతాధికారి ఉత్తరువు లేనిదే వినరాదనియు, ఆ ఉత్తరువులను ఒక సంఘము పునఃపరిశీలింపవలెననియు తీర్పు చెప్పెను. పాత తంతి చట్టమునకు బదులుగా 2023లో చేయబడిన టెలికమ్యూనికేషన్ల చట్టమునందును ఆ అధికారము కలదు.

నేడు తంతి ఆఫీసు స్థానమున రౌటరు, స్విచ్చి అను పెట్టెలు కూర్చున్నవి. ఒక ఆఫీసులోని కంప్యూటర్లను తమలో తమకు కలుపునది స్విచ్చి. ఒక వలనుండి మరియొక వలకు దారి చూపునది రౌటరు. వార్త చిన్న చిన్న పొట్లములుగా వీనిగుండా సాగును. లోపలి ఆదేశములను మార్చగలవాడు ప్రతి పొట్లమునకును ఒక నకలు తీసికొనగలడు. అసలు వార్త చేరవలసినచోటికి చేరుచునే యుండును గనుక ఎవరికిని అనుమానము కలుగదు.

ఇది ఊహ గాదు. 2004, 2005 సంవత్సరములలో గ్రీసు దేశమున వొడాఫోన్ కంపెనీ స్విచ్చీలయందు, చట్టప్రకారము సర్కారు వినుటకై అమర్చిన ఏర్పాటునే ఎవరో దొంగచాటుగా నడపి, ప్రధానమంత్రితో సహా నూర్గురికి పైబడిన వారి ఫోనులను వినిరి. సర్కారు కొరకు పెట్టిన కిటికీ దొంగకును కిటికీయే. అమెరికా వేగుశాఖవారు పరదేశములకు పోవు రౌటర్లను నడిదారిలో విప్పి, తమ సాధనముల నమర్చి, మరల మూసి పంపుచుండిరని స్నోడెన్ బయటపెట్టిన పత్రములవలన 2014లో లోకమునకు తెలిసెను. 2018 మే నెలలో 54 దేశములలో కనీసము 5 లక్షల పరికరములకు ఇట్టి తెగులు సోకినట్లు కనుగొనబడెను. వీనిలో అత్యధికము ఇండ్లలోను, చిన్న ఆఫీసులలోను ఉన్న రౌటర్లే! ఇది రష్యా సైనిక వేగుల ముఠా పనియని అమెరికావారి మాట.

మన దేశమున 1984లో ఏర్పడిన సి-డాట్ సంస్థ స్వదేశపు టెలిఫోను ఎక్స్ఛేంజీలను రూపొందించి పల్లెలకు చేర్చినది. 2021 జూన్ 15 నుండి, టెలిఫోను కంపెనీలు విశ్వసనీయులని నిర్ణయింపబడిన వారియొద్దనే క్రొత్త పరికరములు కొనవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. ఇది పరదేశపు చేతినుండి కాపు. స్వదేశపు చేతినుండి కాపు మాత్రము చట్టము, న్యాయస్థానము, ప్రజల మెలకువయే. రెండు కాపులును ఉన్నప్పుడే ఇల్లు భద్రము.

కూడలిని నమ్మలేనిచోట వార్తనే మూసి పంపవలెను. వేగులు సంజ్ఞాలిపితో వార్త పంపవలెనని కౌటిల్యుడు అర్థశాస్త్రమున చెప్పియున్నాడు. నేటి గూఢలిపియును ఆ మార్గమే.

మూడు రాష్ట్రముల సరిహద్దున నివసించు మనకు వార్తలవలననే బంధుత్వము నిలుచుచున్నది. కుప్పమున అక్క, బెంగుళూరున కుమారుడు, హోసూరున మనము. కావున మన యింటి రౌటరును కొన్ననాటి రహస్యపదముతోనే వదలరాదు. కంపెనీవారు పంపు సవరణలను ఎప్పటికప్పుడు చేర్పింపవలెను. సవరణలు ఆగిపోయిన పాత పెట్టెను తీసివేయవలెను. వీధితలుపునకు గడియ వేయక నిద్రించు ఆచారము మన పెద్దలకు లేదు. ఈ తలుపునకును గడియ మరువకుందుము గాక.