మామ్మ చెప్పిన కోటిపల్లి రైలు

ముక్తేశ్వరం రేవులో పడవెక్కి కోటిపల్లిలో దిగిన ప్రతిసారీ మా మామ్మ ఒకటే మాట అనేది: "ఇక్కడ రైలుండేదిరా నాయనా!" నా చిన్నతనంలో అక్కడ పట్టాలూ లేవు, బండీ లేదు. కథ చెబుతోంది కాబోలు అనుకొనేవాణ్ణి. అది కథ కాదని చాలాకాలానికి గాని తెలియలేదు.

గోదావరి డెల్టాకు రైలు కంటె ముందు కాలువ వచ్చింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ కాలువలు పొలాలకు నీరివ్వడమే కాక దారులు కూడా అయ్యాయి. లాకులు దాటుకొంటూ ధాన్యపు పడవలు, మనుషులెక్కే గూటి పడవలు నడిచేవి. గాలి అనుకూలిస్తే తెరచాప ఎత్తేవారు. లేకుంటే గట్టు వెంట నడుస్తూ త్రాడుతో లాగేవారు. ప్రయాణం నెమ్మదే. అయినా గట్టునున్న ప్రతి పల్లెకూ అది అందేది.

కాటన్ దొర వాదన కూడా ఇంచుమించు ఇదే. రైలు కంటె జలమార్గం చౌక అని, పైగా అది పంటనూ పండిస్తుందని ఆయన పట్టుబట్టాడు. ప్రభుత్వం మాత్రం రైలు వైపే మొగ్గింది. 1890లలో తూర్పుతీరపు రైలుమార్గం వచ్చింది. 1897 నవంబరులో కొవ్వూరు, రాజమండ్రి నడుమ వంతెన పని మొదలై, 1900 ఆగస్టులో 56 అంకణాల హేవలాక్ వంతెన మీద బండ్లు నడిచాయి. అది చూడడానికి కాటన్ లేడు. 1899 జూలైలోనే కన్నుమూశాడు.

రైలు వలన మేలు జరగలేదని నేననను. మద్రాసు, కలకత్తాలు దగ్గరయ్యాయి. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వందేమాతరం ఉపన్యాసాలిచ్చే నాటికి ఆ వంతెన వయస్సు ఏడేళ్ళు కూడా నిండలేదు. అయితే రైలు ఆగే ఊళ్ళ దశ వేరు, రైలు లేని ఊళ్ళ దశ వేరు అయింది. నదీపాయల నడుమనున్న కోనసీమ రెండవ కోవలో మిగిలిపోయింది.

1928లో కాకినాడ నుండి కోటిపల్లికి 45 కిలోమీటర్ల మార్గం వేశారు. గౌతమి దాటితే చాలు, మావాళ్ళకు బండి దొరికేది. ఆ భాగ్యం పన్నెండేళ్ళే. 1940లో యుద్ధావసరాలకని ఆ పట్టాలు పెరికి పట్టుకుపోయారు. ఏ దేశాల యుద్ధమో, మా రేవులో రైలు పోయింది! మరల బండి వచ్చింది 2004లో. అప్పటికి మామ్మ లేదు.

కోటిపల్లి నుండి గౌతమి దాటించి నరసాపురం దాకా పొడిగించే మార్గం మంజూరై పాతికేళ్ళు గడచినా పూర్తి కాలేదు. ఈలోగా కాలువల్లో ప్రయాణికుల పడవలు కూడా అంతరించాయి.

వేసిన పట్టాల లెక్క చరిత్ర పుస్తకాలలో దొరుకుతుంది. పెరికిన పట్టాల సంగతి ఎక్కువగా పెద్దల నోటనే విన్నాను. ఆ పాత బండి ఎక్కినవారు మీ ఇళ్ళలో ఇంకా ఉంటే, లేదా వారు చెప్పినది మీకు జ్ఞాపకముంటే, దయచేసి వ్రాసి ఉంచండి. నేను మామ్మను ఇంకొక్క ప్రశ్న కూడా అడగలేదు.