సర్కారు తుమ్మ, వాగులో మొద్దు

మర్రిగూడ దిక్కు వాగంటే ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. ఆ ఇసుకలో మొలిచేది కంప. ఊళ్లల్ల దాన్ని సర్కారు తుమ్మ అంటరు. ఆ పేరు ఊరికే రాలేదు. 1877లో కడప జిల్లా కమలాపురం దగ్గర అటవీశాఖ దీన్ని మొదట నాటింది. విత్తనాలు జమైకావి. ఎండు నేలల్లో బతుకుతుందని, కట్టెకు పనికొస్తుందని తెచ్చారు. మేకలు కాయలు తిని, విత్తనాలను వాగులకూ చెరువులకూ చేరవేశాయి.

2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడికతో పాటు ఈ కంపనూ జేసీబీలతో పెకిలించారు. చేయాల్సిన పనే. గొలుసుకట్టులో పై చెరువు అలుగు దుంకితేనే కింది చెరువు నిండేది. నడుమ కాలువలో కంప ఉంటే చెత్త తట్టుకుని, ఇసుక మేటేసి, నీళ్లు చేన్ల మీద పడతాయి. కంప పోయిందని నేనైతే ఏడవను.

కానీ వాగుకు అడ్డంగా కూలిన నల్లతుమ్మ మొద్దు సంగతి వేరు. చిన్నప్పుడు మేం ఈతలు కొట్టిన మడుగు అట్లాంటి మొద్దు కిందిదే. వరద దానికి తగిలి, సుడి తిరిగి, అడుగు తవ్వుకుంటది. వాగు ఎండినా ఆ గుంటలో నీళ్లు నిలుస్తాయి. కొర్రమీను పైకొచ్చి గాలి పీల్చుకుంటూ ఆ కాసిన్ని నీళ్లలోనే రోజులు నెట్టుకొస్తుంది. ఓ ఎండాకాలం ఎవరో ఆ మొద్దును కట్టెలకు లాక్కెళ్లారు. తర్వాతి వరదలకు మడుగు పూడిపోయింది. కొర్రమీను మన రాష్ట్ర చేప. బిరుదైతే ఇచ్చాం, ఇల్లే మిగల్చలేదు.

ఇట్లాంటి పనే అమెరికా పడమటి తీరంలో ప్రభుత్వమే పూనుకుని చేసింది. ఏటికి ఎదురెక్కే సాల్మన్ చేపలకు దుంగలు అడ్డమని, 1950ల నుంచి 70ల దాకా ఒరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల్లో చేపల శాఖలే వాటిని తీయించాయి. దుంగలతో పాటు మడుగులూ పోయాయి, చేపలు గుడ్లు పెట్టే గులకరాళ్లూ కొట్టుకుపోయాయి. 1980ల నుంచి డబ్బు పెట్టి మళ్లీ దుంగలు వేస్తున్నారు, కొన్నిచోట్ల హెలికాప్టర్లతో!

మన దగ్గర మోరీ కింద, అలుగు ముందు ఇరుక్కున్న మొద్దును తీయక తప్పదు. ఊరికీ చేన్లకూ దూరంగా పడివున్నదాన్ని ఎందుకు కదిలించాలి? చెరువులో దొంగవలలు పడకుండా చేపలు పట్టేవాళ్లు తామే ముళ్లకంప వేస్తారు. చేప ఏ నీడకు చేరుతుందో వాళ్లకు తెలుసు. ఏ మొద్దు తీయాలో, ఏది ఉంచాలో ఇంజినీర్లు వాళ్లనడిగితే చెప్తారు. అంచనాల్లో మాత్రం అన్నిటికీ కలిపి 'జంగిల్ క్లియరెన్స్' అని ఒకటే పద్దు.