వెంట్రుకవాసి

మన భాషలో సూక్ష్మతకు కడపటి కొలత వెంట్రుక. దెబ్బ వెంట్రుకవాసిలో తప్పిందంటాము. ఇద్దరి అభిప్రాయాలకు వెంట్రుకవాసి తేడా లేదంటాము. తెలుగు పాఠం చెప్పి బతికే నేను ఈ మాటను అతిశయోక్తికి ఉదాహరణగా తరగతిలో ఎన్నోసార్లు వాడాను. హైదరాబాదు బాలానగరులో ఒక చిన్న కార్ఖానాలో అరపూట నిలబడి వచ్చిన తరువాత ఆ మాట అంత ధీమాగా నోట రావటం లేదు. తల వెంట్రుక మందం మనిషిని బట్టి 50 నుంచి 100 మైక్రానులు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. అక్కడి కార్మికుడు పది మైక్రానులు తేడా వచ్చిన వస్తువును పనికిరాదని పక్కన పడేస్తాడు. కవికి అతి సూక్ష్మమైనది ఆ కార్మికునికి మోటుపని.

నన్ను అక్కడికి తీసుకువెళ్ళినవాడు జనగామలో నా దగ్గర చదువుకున్న కుర్రవాడు. ఊరు పెంబర్తి. తాతతండ్రులు ఇత్తడి రేకుల పనివారు. డిగ్రీ మధ్యలో వదిలిపెట్టి, పనిముట్ల తయారీలో శిక్షణ పొంది, ఇప్పుడు వైర్‌కట్ యంత్రం నడుపుతున్నాడు. "మా నాయిన ఇత్తడి మీద పని జేస్తడు సార్, నేను ఇత్తడితోని పని జేస్తున్న" అన్నాడు నవ్వుతూ. ఆ మాటలోని నిజం యంత్రం చూస్తే గాని బోధపడలేదు.

అది చూడటానికి గాజు తలుపు పెట్టిన నీటితొట్టిలా వుంటుంది. పైన ఒక మూతి, కింద ఒక మూతి. రెంటి నడుమ నిలువుగా బిగించిన ఇత్తడి తీగ, మిల్లీమీటరులో నాలుగవ వంతు మందం. గట్టిపరచిన ఉక్కు దిమ్మెను ఆ తీగ కోస్తుంది. కోస్తుందనటం కూడా తప్పే. తీగ ఉక్కును తాకదు; తాకితే పని నిలిచిపోతుంది. రెంటి మధ్య 20 నుంచి 50 మైక్రానుల సందు, ఆ సందులో లవణాలు తీసివేసిన నీరు. అందులో సెకనుకు వేలకొద్ది, లక్షలకొద్ది మెరుపులు పుడుతూ చస్తూ వుంటాయి. ఒక్కొక్క మెరుపు చోట వేడి 8,000 డిగ్రీలు దాటుతుంది. కంటికి ఆననంత ఉక్కు కరిగి, ఆవిరై, నీటిలో కొట్టుకుపోతుంది. మెరుపు తీగను కూడా తింటుంది గనుక తీగ చుట్ట నుంచి దిగుతూనే వుంటుంది; ఒకసారి వాడినది మళ్ళీ వాడరు. లోహం ఎంత గట్టిదన్న పట్టింపు ఈ యంత్రానికి లేదు, అందులో విద్యుత్తు ప్రవహిస్తే చాలు. నొక్కటం లేదు గనుక పలుచని ముక్క సైతం వంగదు. మంచి యంత్రం, మంచి చేయి కలిస్తే రెండు నుంచి అయిదు మైక్రానుల లోపల కొలత నిలుస్తుంది.

ఇంతవరకు చెప్పినది యంత్రాలు అమ్మేవారు నాకంటె బాగా చెప్పగలరు. నేను తెలుసుకోదలచినది మరొకటి: ఈ ఖచ్చితత్వం ఎక్కడి నుంచి వచ్చింది? మన సమాజంలో దీనికి రెండు జవాబులు ప్రచారంలో వున్నాయి. రెండూ తప్పేనని నా వాదం.

మొదటి జవాబును నేను రామప్ప గుడిలో విన్నాను. వరంగల్లు జిల్లాను 2016 అక్టోబరులో విడగొట్టినప్పుడు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేరువేరు జిల్లాలయ్యాయి. గుడి వున్న పాలంపేట భూపాలపల్లి వాటాకు పోయి, 2019లో ములుగుకు మారింది. మా విద్యార్థులను అక్కడికి తీసుకుపోయినప్పుడు ఒక స్తంభం మీది శిల్పంలో సన్నని రంధ్రంలోకి గైడు పుల్ల దూర్చి చూపించాడు. పక్కనున్న యాత్రికుడొకరు, చదువుకున్న మనిషే, "ఇది చేత్తో సాధ్యమా? ఆనాడే మనవాళ్ళ దగ్గర యంత్రాలుండేవి" అన్నాడు. మా పిల్లలలో సగంమంది తల వూపారు. ఈ రకపు మాటలు నేడు ఫోనులలో విరివిగా తిరుగుతున్నాయి. పైకి ఇది పూర్వులను పొగడటంలా కనిపిస్తుంది. ఆలోచిస్తే ఆ శిల్పిని ఇంతకంటె అవమానించే మాట మరొకటి లేదు. అతని చేతి నుంచి ఉలి లాక్కుని, లేని యంత్రానికి కీర్తి కట్టబెట్టటమిది.

నిజం ఇంకా గొప్పది. 1213లో గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ప్రారంభించిన ఆ గుడి నిర్మాణం సుమారు 40 ఏళ్ళు సాగిందని 2021లో దానిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో పేర్కొన్నది. మదనికల విగ్రహాలు చెక్కిన నల్లరాయి డోలరైటు, మొండిజాతి రాయి. దానిని లొంగదీయటానికి ఉక్కు ఉలి కావాలి. ఆ ఉలి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఉత్తర తెలంగాణ గ్రామాలలో ఇనుము కరిగించిన చిట్టెం గుట్టలు నేటికీ కనిపిస్తాయి. నిజామాబాదు వైపు కోన సముద్రం ఉక్కు దూరదేశాలకు ఎగుమతి అయిన సంగతి చరిత్రకారులందరూ ఎరిగినదే. మొండిరాయి, మంచి ఉక్కు, తరం తరువాత తరం చేతులు, 40 ఏళ్ళ కాలం: ఇవి కలిస్తే పుల్ల పట్టే రంధ్రం వస్తుంది. శాసనం కట్టించినవాని పేరు భద్రపరిచింది. శిల్పి పేరు రామప్ప అని చెప్పి దానినే గుడికి నిలిపింది మాత్రం జనశ్రుతి. శాసనం కంటె జనశ్రుతికే న్యాయబుద్ధి ఎక్కువని నాకు అనిపిస్తుంది.

రెండవ జవాబు కార్ఖానా యజమానులది. "ఇప్పుడు మనిషితో పనేముంది, బొత్తాము నొక్కితే యంత్రమే చేస్తుంది" అంటారు. ఇది పరీక్షించాలంటే ఆ యంత్రం పుట్టుకలోకి పోవాలి.

మెరుపు లోహాన్ని తింటుందని 1770లోనే ప్రీస్ట్లీ గమనించాడు. అటు తరువాత నూటడెబ్బయి ఏళ్ళు అది నష్టం కిందనే లెక్క. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో సోవియట్ యూనియన్‌లో బొరీస్ లాజరెంకో, నతాల్యా లాజరెంకో అనే శాస్త్రజ్ఞ దంపతులకు ఆ నష్టాన్ని తగ్గించే పని అప్పగించారు. టంగ్‌స్టన్ విద్యుత్ కాంటాక్టులు రవ్వలకు అరిగిపోతున్నాయి, అరగకుండా చూడాలి. వారు వాటిని నూనెలో ముంచి చూశారు. అరుగుదల ఆగలేదు, కాని ఒక క్రమానికి లోబడింది. ఆ చోట వారి ఆలోచన తలకిందులైంది. ఆపలేనిదానిని అదుపు చేయగలిగితే అదే పనిముట్టు కాదా? 1943లో ఆ విధంగా మెరుపుతో లోహాన్ని మలిచే పద్ధతి ఏర్పడింది. దాదాపు అదే కాలంలో అమెరికాలోనూ ముగ్గురు ఇంజనీర్లు అల్యూమినియం పోతలలో విరిగి ఇరుక్కుపోయిన డ్రిల్లులను, ట్యాపులను తీయటానికి మెరుపును వాడారు. ఘనతంతా ఒక్క దేశానిదే అనటం మనకు అలవాటైన తప్పు. ఆ తప్పు నేను చేయను. తీగతో కోసే యంత్రం, సంఖ్యల ఆదేశాలతో నడిచేది, 1967లో సోవియట్ యూనియన్‌లో తయారైంది. 1969లో స్విట్జర్లాండు కంపెనీ అజీ తన యంత్రాన్ని బజారులో పెట్టింది. తరువాత జపాను, తైవాను, చైనా. మన దేశంలో పూణే.

లాజరెంకోలు పనిచేసిన ఆ 1943లోనే సికింద్రాబాదులో ప్రాగా టూల్స్ వెలిసింది. 1968లో ఐక్యరాజ్యసమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థల సహాయంతో కేంద్ర ప్రభుత్వం బాలానగరులో పనిముట్ల రూపకల్పన సంస్థను స్థాపించింది. అప్పటికి మన దేశంలో డై చేయటమంటే చేతిపని. ఆ తరానికి చెందిన ఒక వృద్ధ టూల్‌మేకర్‌తో నేను చాలాసేపు మాట్లాడాను. ఆయన చెప్పినది ఏ పుస్తకంలోనూ నాకు అంత స్పష్టంగా దొరకలేదు.

ఫ్యాను మోటారు లోపల పేర్చిన ఉక్కు రేకుల మందం సుమారు అర మిల్లీమీటరు. ఆ రేకును కత్తిరించే పంచికీ, దానిని పట్టే డైకీ నడుమ ఒక్కొక్క పక్క 25 మైక్రానుల ప్రాంతంలో సందు వుండాలి. ఎక్కువైతే రేకు అంచు చిరుగుతుంది, తక్కువైతే పనిముట్టు విరుగుతుంది. దీనిని ఆకురాయితో సాధించేవారు! పంచికి నీలిరంగు పూసి డైలో దించుతారు. ఎక్కడ రంగు అంటిందో అక్కడ ఒక్క రుద్దు. మళ్ళీ రంగు, మళ్ళీ రుద్దు. చివరకు దీపానికి అడ్డంగా పట్టి, సందులోంచి వచ్చే వెలుగు గీత అన్ని వైపులా ఒకే తీరుగా వున్నదా అని చూస్తారు. కొన్ని మైక్రానుల సందులోంచి వెలుగు వస్తే కన్ను పట్టగలదు. ఇంత చేశాక ఉక్కును కాల్చి గట్టిపరచాలి. గట్టిపడేటప్పుడు అది కొద్దిగా వంకరపోతుంది. వారాల శ్రమ మళ్ళీ మొదటికి. "అప్పుడు నాకు ఏడుపొచ్చేది" అన్నాడాయన, దాచుకోకుండా.

వైర్‌కట్ చేసిన అసలు మేలు ఇక్కడున్నది. ముందే గట్టిపరచిన ఉక్కును కోయగలదు గనుక ఆ వంకర ప్రసక్తి లేదు. వారాల పని గంటలలోకి వచ్చింది. ఇది అభ్యుదయమే. యంత్రాన్ని చూసి కన్నీరు కార్చే సాహిత్యం మనకు అవసరం లేదు. ఆ వృద్ధుడు కూడా కార్చలేదు.

మరి మనిషితో పని లేకుండా పోయిందా? మా పెంబర్తి కుర్రవాడు చేసేది చూడండి. తీగ తాకకుండా కోస్తుంది గనుక తీగ నడిచే దారి వస్తువు అంచు కాదు. తీగ మందంలో సగం, దానికి మెరుపు సందు కలిపి, అంత ఎడంగా దారిని జరపాలి. దిమ్మె లోపల అణిగివున్న ఒత్తిడులు కోత పడగానే విడుదలై ఉక్కు కదులుతుంది. ఎటునుంచి మొదలుపెట్టాలి, ఎక్కడ ముక్కను కొంచెం అంటిపెట్టి వుంచాలి, ఎన్నిసార్లు పైపైన తిరిగి గీయాలి అన్నవి అతని నిర్ణయాలు. గదిలో వేడి మారితే లెక్క మారుతుంది: పది సెంటీమీటర్ల ఉక్కు ఒక డిగ్రీకి మైక్రాను పైచిలుకు సాగుతుంది. అందుకే అక్కడ ఏసీ వున్నది. ఆ చల్లదనం ఉక్కు కోసం పెట్టినది. మనిషికి తగిలితే అది అతని అదృష్టం. పన్నెండు గంటల షిఫ్టులో అతను ఆ చప్పుడు వింటూనే వుంటాడు. చప్పుడు మారితే తీగ తెగబోతున్నదని ముందే తెలుసుకుంటాడు. ఈ చెవి ఏ బొత్తాములో వున్నది? మూడేళ్ళయినా రిజిస్టరులో అతను "ట్రైనీ"యే. నేర్చుకునేవానికిచ్చే జీతమిచ్చి, నేర్చినవాని పని తీసుకోవటం ఆ యజమాని సూక్ష్మబుద్ధి.

పూర్వులకు యంత్రాలున్నాయనే యాత్రికుడూ, మనిషి అక్కరలేదనే యజమానీ ఒకరినొకరు ఎరుగరు. కాని ఇద్దరూ చెరిపేసే పేరు ఒక్కటే.

మా ప్రాంతానికి ఈ చెరుపు కొత్త కాదు. జనగామ తాలూకాలో దొరల వెట్టి అంటే పొలంపని ఒక్కటే అనుకుంటారు. నాగలి, బండి, గొడ్డలి చేసిపెట్టే కమ్మరి, వడ్రంగి కూడా వెట్టివారే. వారి నైపుణ్యానికి వెల లేదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాడు తెగిన సంకెళ్ళలో ఇదీ ఒకటి. నేటి లెక్క అంత బాహాటంగా వుండదు. కార్ఖానాలో మెరుపుకు కావలసిన విద్యుత్తులో భూపాలపల్లి వాటా వున్నది. అక్కడ సింగరేణి కార్మికులు తవ్విన బొగ్గు, పక్కనే చెల్పూరులో 2010లో 500, 2016లో 600 మెగావాట్లతో మొదలైన కేంద్రాలు. కోత మధ్యలో కరెంటు పోతే ఉక్కు మీద గీత మిగిలిపోతుంది. అంటే గని అడుగున పలుగు ఆగితే ఇక్కడ మైక్రాను తప్పుతుంది. ఆ కార్ఖానాలోనే ఇద్దరు కుర్రవాళ్ళు మహబూబాబాద్ నుంచి వచ్చారు. వారి జిల్లాలో బయ్యారం ఇనుప ఖనిజం వున్నది. అది ఖమ్మంలో వుండగా, 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు ఆరు నెలలలో పరిశీలించాలన్నది. కొలిమి ఇంతవరకు వెలగలేదు. ఇనుము ఊళ్ళోనే వున్నది, కుర్రవాళ్ళు రైలెక్కారు.

పోయిన దసరాకు మా విద్యార్థి వాడేసిన తీగ కొంచెం చుట్టగా చుట్టి ఇంటికి తెచ్చాడు. నేను అప్పుడు పెంబర్తిలో వున్నాను. తండ్రి లక్క మీద రేకు పరిచి ఏదో దేవుని కవచానికి అంచు దిద్దుతున్నాడు. 2010లో పెంబర్తి పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకుల ధర మాత్రం తగ్గలేదని ఆయన ఫిర్యాదు. కొడుకు అయిదు మైక్రానుల సంగతి వివరిస్తూ వుంటే సుత్తె ఆపకుండా విన్నాడు. తరువాత తీగను తీసుకుని రెండు వేళ్ళ మధ్య నలిపి, వెలుగులో పట్టి, గరుకుదనం చూశాడు.

"ఒక్కసారి వాడి పారేస్తరా దీన్ని?"

"తుక్కుకు పోతది నాయినా."

"కిలో ఎంత?"

కొడుకుకు తెలియదు. ఆ లెక్క ఆఫీసులో వుంటుందన్నాడు.