గచ్చు గోడలో మన కరక్కాయ

పొదిలికీ మార్కాపురానికీ నడుమ ఉన్న కొనకనమిట్ల ప్రాంతంలో పెరిగిన మేము చిన్నప్పటి నుంచి ఒక మాట వింటున్నాం: మిద్దె వాళ్లది, గుడిసె మనది. ఈ మాట సగమే నిజం.

మనదేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో, పోర్‌బందర్ ఫ్యాక్టరీతో. అంతకుముందు అది ఎక్కువగా ఓడల్లోనే వచ్చేది. అందుకే 20వ శతాబ్దం తొలినాళ్లలో పల్లెల్లో కాంక్రీటంటే సున్నం కాంక్రీటే. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి, ఇసుక కలిపి ఎద్దుల గానుగలో మెత్తగా తిప్పేవారు. దాన్నే డంగు సున్నం అన్నారు. దూలాలపై ఇటుకలు పరిచి, ఇటుక ముక్కలు, సున్నం కలిపి పోసి, చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు. ఆ దెబ్బల్లో ఆడకూలీల చెమట ఉంది. గచ్చు గట్టిపడాలని బెల్లం, కరక్కాయలు నానబెట్టిన నీళ్లు కలిపేవారు. అంత ఖర్చు పెట్టలేనివారు చవుడు మిద్దెతో సరిపెట్టుకున్నారు.

కరక్కాయ పొలంలో పండేది కాదు, అడవిలో ఏరుకొచ్చేది. నల్లమలలో తేనె, జిగురు, కుంకుడుకాయలతో పాటు దాన్నీ సేకరించింది చెంచులే. తోళ్లు పదును పెట్టడానికీ, రంగులకూ, గచ్చుకూ అదే కావాలి. ఇంటి నొసట యజమాని పేరు, కట్టిన ఏడు సున్నంతో అందంగా పోతపోశారు. కాయ ఏరిన చేతుల పేరు ఎక్కడా రాయలేదు.

ఇంకో సంగతి. మిద్దెలు లేస్తున్న ఆ కాలానికే 1882 మద్రాసు అటవీ చట్టం అమల్లో ఉంది. రిజర్వు అడవిలో వాసం కొట్టాలన్నా, వెదురు తేవాలన్నా అనుమతి కావాలి. నడుమ గుంజ, చుట్టూ వెదురు తడిక, పైన గడ్డి కప్పు ఉన్న చెంచుల గుండ్రటి గుడిసెకు కావలసినవన్నీ అడవిలోవే. ఊళ్లో గచ్చు గట్టిపడుతున్న రోజుల్లో మన కప్పుకు గడ్డి కరువైంది. అది మన తెలివితక్కువతనం కాదు.

కాంక్రీటు ఇల్లు వద్దని మేము అనడం లేదు. కురవని కప్పు కింద పడుకునే హక్కు మన పిల్లలకూ ఉంది. అయితే గుడిసె కట్టడం వెనుకబాటుతనమని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఎండకు చల్లగా, గాలికి నిలిచేలా గుంజ పాతడం కూడా ఒక విద్యే.

ఉపాధ్యాయులారా, ఊళ్లో పాత గచ్చు మిద్దె ఉంటే పిల్లలకు చూపించండి. యువకులారా, గుడిసె కట్టిన తాతలను, గచ్చు కొట్టిన అవ్వలను అడిగి రాసుకోండి. వాళ్లు ఉండగానే అడగాలి.