మైకుసెట్టు

గ్రీకులో మిక్రోస్ అంటే చిన్నది, ఫోనే అంటే ధ్వని. రెండూ కలిసిన మైక్రోఫోన్ ఇంగ్లీషులోనే మైకుగా పొట్టిదైంది. తెలుగులో దాని అర్థం మాత్రం పెరిగింది: ఉపన్యాసకుడి చేతిలోదీ మైకే, చెట్టుకు కట్టిన హారనూ మైకే. ఆంప్లిఫయర్, వైర్లు, హారన్లు అన్నీ కలిపితే మైకుసెట్టు. ధరణికోటలో పెళ్లికైనా, పక్కనే అమరావతిలో శివరాత్రి తిరనాళ్లకైనా అద్దెకు తెచ్చేది దాన్నే. వాడుకలో పుట్టిన చక్కని మాట ఇది.

ఇంట్లోని హోం థియేటర్ ఆ సెట్టుకే మరో రూపం. అందులో ఆంప్లిఫయర్ పేరు రిసీవర్. రేడియో తరంగాలను అందుకునే ట్యూనర్ కూడా అదే పెట్టెలో ఉండడం వల్ల వచ్చిన పేరు. కొనేటప్పుడు అట్టపెట్టె మీది పెద్ద వాట్ల అంకె కన్నా స్పీకర్ వెనక రాసిన ఓములు ముఖ్యం. 8 ఓములకే తగిన రిసీవర్‌కు 4 ఓముల స్పీకర్లు తగిలిస్తే అవి దాదాపు రెట్టింపు కరెంటు లాగుతాయి. రిసీవర్ వేడెక్కి ఆగిపోవచ్చు. తర్వాత సెన్సిటివిటీ. 1 వాటుకు 1 మీటరు దూరంలో 87 డెసిబెల్స్ ఇచ్చే స్పీకర్, 90 ఇచ్చేదానితో సమానంగా మోగాలంటే రెట్టింపు వాట్లు కావాలి. హారన్లకు సెన్సిటివిటీ చాలా ఎక్కువ. అందుకే తక్కువ వాట్లతోనే పాట ఊరంతా వినిపిస్తుంది.